ముళ్ళు విరిచిన జెల్లలు

ఎనభైల చివర్లో, ఒక ఆషాఢంలో, నన్ను ఒరిస్సాలోని గంజాం జిల్లా తీరప్రాంతానికి మత్స్య విస్తరణాధికారిగా వేశారు. అప్పటికి నా సర్వీసు ఆరేళ్ళు. ఆఫీసు బరంపురంలో, ఇల్లు ఆ ఊళ్ళోనే గోసాని నువాగాంలో. అందువల్ల బదిలీ అన్న మాటే గాని పెట్టె సర్దుకోవలసిన పని పడలేదు. విస్తరణాధికారి అంటే పెద్ద హోదా అనుకునేరు. మా శాఖలో జిల్లాకంతటికీ ఒక మత్స్యాధికారి ఉంటాడు, ఆయన కింద సహాయ మత్స్యాధికారులు, వాళ్ళ కింద మేము. పైవాళ్ళకు జీపు, మాకు సైకిలు. జాలరిపేటల్లో మాత్రం సైకిలు మీద వచ్చేవాడే ప్రభుత్వం. వలలు పోయినా, పడవ పగిలినా, అప్పు కాగితం కదలకపోయినా అడిగేది మమ్మల్నే.

ఆ ఏడాది మా శాఖ ఒక చిన్న పథకం నడుపుతోంది. కలకత్తాలో గాజు తొట్టెల్లో చేపలు పెంచే సరదా బాగా పెరిగింది. అక్కడి వ్యాపారులకు విదేశీ రంగు చేపలతోపాటు మన ఏళ్ళలో దొరికే చిన్న చేపలు కూడా కావాలి. ముఖ్యంగా జెల్లలు. జెల్ల అంటే మీసాల చేప. పొలుసు ఉండదు. మూతి చుట్టూ నాలుగు జతల మీసాలు, వీపు మీద ఒక ముల్లు, పక్క రెక్కలకు చెరొక ముల్లు. అందులో ఒళ్ళు పొడుగునా చారలుండే ఒక చిన్న జాతి ఉంది. వేలెడంత ఉన్నప్పుడు చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. తొట్టె అడుగున తిరుగుతూ, మిగతా చేపలు వదిలేసిన మేత ఏరుకు తిని, ఎవరి జోలికీ పోకుండా బతుకుతుంది.

ఆ చారల జెల్లల్ని పట్టి ఇవ్వడానికి పొడంపేటలో నలుగురు ఆడవాళ్ళతో ఒక సంఘం ఏర్పాటు చేశారు. నేను ఆ సీటులోకి రాకముందే అది రిజిస్టరయింది. పొడంపేట ఋషికుల్య మొగ దగ్గర, అంటే ఆ నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరు. తెలుగు జాలరి కుటుంబాలు. ఎన్ని తరాల కిందట వచ్చారో వాళ్ళకే తెలియదు. బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు. మగవాళ్ళు సముద్రం మీదికి వెళతారు. వానాకాలంలో కెరటం పెద్దదై పడవలు ఒడ్డెక్కుతాయి. ఆ నాలుగు నెలలూ ఇల్లు గడవడం కష్టం. అప్పుడు కంట్రాక్టర్లు వచ్చి ఆడవాళ్ళను పడమటి తీరంలోని రొయ్యల షెడ్లకు తీసుకుపోతారు. ఐసులో ముంచిన రొయ్యలకు తల, పెంకు ఒలవడం పని. పొద్దుటినుంచి నిలబడే ఉండాలి.

ఆ నలుగురికీ పెద్ద ఎర్రమ్మ. నలభై ఏళ్ళుంటాయి. ఒక ఏడాది ఆ షెడ్డుకు వెళ్ళి వచ్చింది. మళ్ళీ వెళ్ళకూడదనే సంఘంలో చేరిందని నాకు మొదటి రోజే చెప్పింది. వానాకాలంలో వరద నీరు మొగదాకా తోసుకొస్తుంది. ఆ నీటితో చారల జెల్లలు ఊరి వెనక పాయలోకి దిగుతాయి. అంటే కడుపు కాలే రోజుల్లోనే ఈ చేప దొరుకుతుంది. చేతివలతో పట్టి, కుండల్లో రెండు రోజులు పస్తుపెట్టేవారు. పస్తు దేనికంటే, మేత తిన్న చేప దారిలో నీళ్ళు పాడుచేసి మిగతావాటిని కూడా చంపుతుంది. తర్వాత ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, బరంపురం స్టేషన్లో కలకత్తా బండికి ఎక్కించేవారు. జెల్లలకు సంచీ మీద సంచీ వేసి, మధ్యలో పాత పేపరు చుట్టాలి. లేకపోతే ముల్లు తగిలి సంచీ చిల్లు పడుతుంది. ఈ పేపరు ఉపాయం మా శాఖది కాదు, ఎర్రమ్మది. మేము దాన్ని మా శిక్షణ కాగితాల్లో రాసుకున్నాం, ఆమె పేరు రాయలేదు.

ఇక అసలు చిక్కు. ఆ పాయలోనే ఇంకో జెల్ల కూడా ఉంది. ఊరివాళ్ళు దాన్ని మొగ జెల్ల అంటారు. ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య బతుకుతుంది. పిల్లప్పుడు చారల జెల్లకు తోబుట్టువులా ఉంటుంది గాని ఎదిగితే దానికి రెట్టింపవుతుంది. నోట్లో పట్టే చేప ఏది కనపడినా మింగుతుంది. చారలు చూసి చెప్పొచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ ఉద్యోగంలో చేరినప్పుడు అదే అనుకున్నాను. జెల్ల బెదిరితే చారలు వెలిసిపోతాయి. చీకటి కుండలో ఒక పూట ఉంచి తీస్తే రెండు జాతులూ ఒకటే బూడిద రంగు. ఫార్మలిన్‌లో వేస్తే, అంటే నమూనాలు కుళ్ళకుండా వాడే ఘాటైన మందులో వేస్తే, ఆ మిగిలిన కాస్త తేడా కూడా పోతుంది.

అందుకని మేము గుర్తింపు పట్టిక వాడతాం. అది మెట్ల వరసలాంటిది. ఒక్కో మెట్టు దగ్గర ఒక ప్రశ్న ఉంటుంది. అవునంటే ఒక దారి, కాదంటే ఇంకో దారి. మీసం ఎంత పొడుగు, తోక ముందుండే కొవ్వు రెక్క ఎక్కడ మొదలవుతుంది, ఇలా దిగుతూ పోతే చివరి మెట్టు దగ్గర జాతి పేరు ఉంటుంది. మా ఆఫీసులో ఉన్నది సైక్లోస్టైల్ చేసిన పట్టిక. అందులో ఈ రెండింటి విషయంలో చివరి మెట్టు పక్క రెక్క ముల్లు. దాని లోపలి అంచున రంపం పళ్ళుంటాయి. అవి ఎలా ఉన్నాయో భూతద్దంలో చూసి తేల్చాలి. శిక్షణలో ఈ గుర్తింపు పనిలో నేను మా బ్యాచ్‌కి మొదటివాణ్ణి. ఆ సంగతి అప్పట్లో ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ణి.

శ్రావణంలో కలకత్తా వ్యాపారి ఒకాయన నుంచి మా ఆఫీసుకు ఫిర్యాదు వచ్చింది. గంజాం నుంచి వచ్చిన జెల్లలు తొట్టెల్లో ఖరీదైన చేపల్ని తినేస్తున్నాయని, సంఘం వాళ్ళు నాసి చేపను కలుపుతున్నారని దాని సారాంశం. మా సహాయ మత్స్యాధికారి ఒడియా ఆయన. చెడ్డవాడు కాదు గాని, కాగితం బల్ల మీద రెండు రోజులు ఉంటే నిద్రపట్టని మనిషి. వెళ్ళి నమూనా తీసి, గుర్తించి, శనివారానికల్లా రిపోర్టు పెట్టమన్నాడు. అది మంగళవారం.

బుధవారం సైకిలు బస్సు టాపు మీద వేయించుకుని, దిగిన దగ్గర్నుంచి తొక్కుకుంటూ పొడంపేట చేరాను. వాన తెరిపి ఇచ్చింది గాని బాట అంతా బురద. ఎర్రమ్మ, మిగతా ముగ్గురు పాయ గట్టున కుండలు వరసగా పెట్టుకుని ఉన్నారు. ఫిర్యాదు సంగతి చెప్పాను. వాళ్ళు గొడవ చేయలేదు. మొగ జెల్ల కలవడానికి వీల్లేదని, ప్రతి చేపనీ చేత్తో చూసే కుండలో వేస్తామని ఎర్రమ్మ చెప్పింది. ఎలా చూస్తారని అడిగాను. నా గొంతులో పరీక్ష పెట్టే మాస్టారి ధోరణి ఉండే ఉంటుంది.

ఆమె కుండలో చేయి పెట్టి, ఒక చేపను రెండు ముళ్ళ వెనక ఒడుపుగా పట్టి పైకి తీసింది. "తల మీద ఏలెట్టి సూడండి బాబూ. నున్నగుంటే సారలది, గరుగ్గుంటే మొగది. పుస్తకంలో సేప కుట్టదు గదా, దాని తల ఎలగుంటాదో మీకెలా తెల్తాది," అంది. మిగతా ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను.

వేలు పెట్టడానికి చేయి చాచాను గాని, చేప గిలగిలా కొట్టుకునేసరికి వెనక్కి లాక్కున్నాను. శిక్షణ రోజుల్లో ఒకసారి జెల్ల కుట్టి రెండు రోజులు చేయి వాచిపోయింది. ఆ భయం పోలేదు. ఎర్రమ్మ అది చూసింది.

ఇక్కడ నిబంధన ఏమిటో చెప్పాలి. నమూనా తీసేటప్పుడు అధికారి తన చేత్తో, తనకు తోచిన కుండలోంచి, ఎంచకుండా తీయాలి. నేను తీయలేదు. ఒక్కో కుండలోంచి మూడు చొప్పున పన్నెండు చేపలు ఇమ్మని ఫార్మలిన్ సీసా మూత తీసి ఆమెకు అందించాను. అటు తిరిగి, సైకిలు సీటు మీద ఫారం పెట్టుకుని, తేదీ, స్థలం, నీటి స్థితి రాసుకుంటూ నిలబడ్డాను. కాసేపటికి ఎర్రమ్మ సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. "ముల్లులు ఇరిసేసినాను బాబూ," అంది. నేను ఊఁ అన్నాను. ఆ మాట చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు. మళ్ళీ వాన మొదలయ్యేలా ఉంది, బస్సు తప్పిపోతుందని నా తొందర నాది.

గురువారం ఆఫీసులో సీసా తెరిచి, చేపల్ని పళ్ళెంలో పేర్చి, పట్టిక ముందేసుకున్నాను. మొదటి మెట్లన్నీ దిగాను. మీసాలు మందులో ముడుచుకుపోయాయి. కొవ్వు రెక్క కొన్నిటికి స్పష్టంగా ఉంది, కొన్నిటికి లేదు. సరే, చివరి మెట్టు ఉంది కదా అని పక్క రెక్క కింద భూతద్దం పెట్టాను. ముల్లు లేదు. రెండో చేపకూ లేదు. పన్నెండింటికీ వీపు ముల్లు, పక్క ముళ్ళు మొదలంటా విరిచేసి ఉన్నాయి.

అప్పుడు గట్టు మీద విన్న మాట బుర్రకెక్కింది. ఎక్కడమైతే ఎక్కింది గాని తప్పు దారిన ఎక్కింది. సంచుల్లో కలకత్తా వెళ్ళే చేపలకు ముళ్ళుంటాయి. విరిస్తే చేప బతకదు. అమ్మే చేపకు ముళ్ళుంచి, నాకిచ్చిన చేపకే ఎందుకు విరిచారు? జాతిని తేల్చేది ఆ ముల్లే. తేలకూడదనే విరిచారు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తానే విరిచానని ముందుగా చెప్పేసింది. లెక్క ఎంత చక్కగా కుదిరిందంటే, నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను. చదవేస్తే ఉన్న మతి పోవడం అంటే ఇదేనని అప్పుడు తట్టలేదు.

మళ్ళీ వెళ్ళి తాజా నమూనా తీసి ఉండవచ్చు. శుక్రవారం ఒక రోజు చేతిలో ఉంది. కనీసం పన్నెండు తలల మీద వేలు పెట్టి చూసి ఉండవచ్చు. అవి చచ్చిన చేపలు, ముళ్ళు కూడా లేనివి, కుట్టే ప్రశ్నే లేదు. కాని తల నునుపు మా పట్టికలో లేదు. పట్టికలో లేనిది ఆధారం కాదని నాకు నేర్పారు, నేనూ నమ్మాను. శనివారం ఉదయం రిపోర్టు పెట్టాను. ఇంగ్లీషులో రాసిన ఆ రిపోర్టులో రెండు వాక్యాలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. తెలుగులో చెబితే ఇలా ఉంటాయి: నమూనాలోని అన్ని చేపలకూ గుర్తింపు లక్షణమైన ముళ్ళను ఉద్దేశపూర్వకంగా తొలగించడమైనది. ఈ విషయాన్ని సంఘం పెద్ద స్వయంగా అంగీకరించినది.

సహాయ మత్స్యాధికారి చదివి, బాగా పట్టావని మెచ్చుకున్నాడు. పది రోజుల్లో సంఘం పేరు పథకం జాబితాలోంచి కొట్టేశారు. స్టేషన్లో మా శాఖ చీటీ లేకుండా ఆ పెట్టెలు తీసుకోరు. వ్యాపారి కూడా కొనడం మానేశాడు. రద్దు చేసిన కాగితం ఇవ్వడానికి మా ప్యూను వెళ్ళాడు. నేను వెళ్ళలేదు. పని ఉందని వెళ్ళలేదనే అప్పుడు అనుకున్నాను. ఎర్రమ్మ కాగితం తీసుకుని, ఇందులో ఏం రాసుందని అడిగిందట. చేపలు సరైనవి కావని రాసుందని మా ప్యూను చెప్పాడట. అతనికి తెలిసింది అంతే.

ఆ తర్వాత నన్ను లోపలి ప్రాంతానికి, అస్కా వైపు చెరువుల పనికి మార్చారు. అక్కడ చెరుకు పొలాల మధ్య చెరువుల్లో బొచ్చె, రాగండి పిల్లలు వేయించే పని. ఆ రెండింటినీ గుర్తుపట్టడానికి పట్టిక అక్కర్లేదు. నాలుగేళ్ళు గడిచాయి. పొడంపేట గురించి నేను పెద్దగా ఆలోచించలేదు. ఆలోచించి బాధపడ్డానని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది, కాని అబద్ధమవుతుంది.

నాలుగో ఏడు ఒక తుఫాను తర్వాత, నష్టం అంచనాకు మనుషులు చాలక, నన్ను కూడా తీరానికి పంపారు. కూలిన ఇళ్ళు రెవెన్యూ వాళ్ళు రాస్తారు, పోయిన వలలు, పడవలు మేము రాస్తాం. అలా మళ్ళీ పొడంపేట వెళ్ళాను. మధ్యాహ్నం సూరమ్మ అనే పెద్దావిడ తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, గంజన్నం తిని వెళ్ళమంది. పాయలో పట్టిన చేపల తట్ట ఆమె ముందుంది. నాకు కూర వండడానికి చేపలు ఏరుతోంది. అంతలో పక్క ఊరినుంచి వచ్చిన చుట్టం ఒకామె రెండు జెల్లలు అడిగింది. సూరమ్మ ఒక్కో జెల్లను పట్టుకుని, మూడు ముళ్ళూ టక టక విరిచి, అప్పుడు ఆమె చేతిలో పెట్టింది. ఆ వెనకే సూరమ్మ కోడలు వచ్చి చేప అడిగితే, ముళ్ళతోనే రెండు ఆ పిల్ల తట్టలోకి విసిరింది.

నేను ఊరికే, కుతూహలం కొద్దీ అడిగాను. చుట్టానికి విరిచి ఇచ్చి, కోడలికి అలాగే వేశావేమని.

"పై మనిసి సేతికి ముల్లుతో ఇయ్యకూడదు బాబూ," అంది సూరమ్మ. "ముల్లుతో ఇత్తే పగోడికిచ్చినట్టే. మనింటోలైతే ఆల్లే ఇరుసుకుంతారు. మర్యాదివ్వాల్సినోల సేతికి మాత్రం మనవే ఇరిసియ్యాల. ఇరిసినానని సెప్పి మరీ ఇయ్యాల, లేకపోతే ఆల్లు బయపడతారు గదా."

నా చేతిలో నష్టం జాబితా ఉంది. ఎదురుగా వండిన అన్నం ఉంది. నేను ఏం తిన్నానో, ఎన్ని వలలు రాశానో గుర్తులేదు. ఎర్రమ్మ ఎక్కడుందని మాత్రం అడిగాను. సంఘం పోయిన ఏడే కంట్రాక్టరుతో పడమటి తీరానికి వెళ్ళిందని, నలుగురూ వెళ్ళారని, ఏటా వానాకాలంలో వెళుతున్నారని, ఈసారి ఇంకా రాలేదని చెప్పింది. మిగతా ముగ్గురిలో ఒకామె అక్కడే జ్వరమొచ్చి పోయిందని కూడా చెప్పింది. పేరు చెప్పింది. గట్టు మీద నవ్విన ముగ్గురిలో ఆమె ఎవరో నాకు తెలియలేదు. ఆ రోజు ఫారంలో సంఘం పెద్ద పేరు ఒక్కటే రాసుకున్నాను.

మర్నాడు బరంపురం ఆఫీసు సామాన్ల గదిలో వెతికాను. ప్రభుత్వ ఆఫీసుల్లో కావలసినది దొరకదు గాని పారేయవలసినది మాత్రం పోదు. సీసా ఉంది. నా చేతిరాతతో లేబులు కూడా ఉంది. పన్నెండు చేపల్నీ తీసి, నీళ్ళలో కడిగి, ఒక్కో తల మీద వేలు రాసి చూశాను. పన్నెండూ నున్నగా ఉన్నాయి. ఒక్క నా వేలి మీదే నమ్మకం పెట్టుకోకూడదని, వాటిని పట్టుకుని మా ఊరి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరరు దగ్గరికి వెళ్ళాను. ఆయన పెద్ద పుస్తకం తీసి, కొవ్వు రెక్క, తల ఎముకల తీరు సూదితో కదిపి చూసి, పావుగంటలో తేల్చాడు. అన్నీ చారల జెల్లలే. ముల్లు లేకపోయినా తేల్చవచ్చునని, తల పైభాగం గరుకు మొగ జెల్ల లక్షణంగా పుస్తకంలోనే ఉందని, నా పట్టిక తయారుచేసినవాళ్ళు పొట్టిగా ఉండాలని ఆ మెట్టు వదిలేసి ఉంటారని చెప్పాడు. ముళ్ళు ఏమయ్యాయని అడిగాడు. చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

మరి కలకత్తా తొట్టెల్లో చేపల్ని తిన్నది ఏది? నాకు తెలియదు. ఆ వ్యాపారికి ఇంకా ఎన్ని చోట్లనుంచి జెల్లలు వచ్చేవో మేము అడగలేదు. ఫిర్యాదు ఇచ్చినవాణ్ణి అడగడం మా ఫారంలో లేదు.

రిపోర్టు సవరించమని నోటు రాశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. అప్పటికి సహాయ మత్స్యాధికారి మారి వేరే మనిషి వచ్చాడు. నోటు ఓపిగ్గా చదివాడు. పథకం మూతబడి రెండేళ్ళయిందని, లేని సంఘాన్ని తిరిగి జాబితాలో చేర్చడానికి జాబితాయే లేదని, ఫైలు మూసినాక కాగితం కలపడానికి వీల్లేదని ఒడియాలో నెమ్మదిగా చెప్పాడు. తిట్టి ఉంటే బాగుండేది. నోటు నాకు తిరిగి ఇచ్చేశాడు. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఎర్రమ్మ ఆ ఏడు కార్తీకంలో తిరిగొచ్చిందని సూరమ్మ కబురు పెట్టింది. ఒక ఆదివారం, సెలవు రోజు, నా సొంత ఖర్చుతో వెళ్ళాను. ఇంటి ముందు వల బాగుచేస్తూ కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, పీట వేసింది. జుట్టు సగం నెరిసింది. కోపం కనపడుతుందేమోనని చూశాను. కనపడలేదు. అది నాకు ఇంకా కష్టమైంది.

సంగతి అంతా మొదటినుంచి చెప్పాను. ముళ్ళు విరిచినందుకు నేను ఏమనుకున్నానో, ఏం రాశానో దాచకుండా చెప్పాను. ఆమె వల కింద పెట్టి వింది. ముళ్ళ మాట దగ్గర ఒకసారి నా మొహంలోకి చూసింది, అంతే. నేను ఊహించని చోట, చేపలు సరైనవేనన్న మాట దగ్గర, ఆమె నన్ను ఆపింది. సంఘం ఎందుకు పోయిందో ఈ నాలుగేళ్ళూ ఆమెకు తెలియదట. చేపలు సరైనవి కావని మా ప్యూను చెప్పిన మాట నమ్మింది. తన వేలే పొరపాటు పడిందని, ఆ పొరపాటు వల్ల మిగతా ముగ్గురి నోటి దగ్గర కూడు పోయిందని అనుకుంది. వాళ్ళలో ఒకామె షెడ్డులో పోయినప్పుడు, ఆమె మొగుడికి మొహం చూపించలేక ఆ పెద్దకర్మకు వెళ్ళలేదట.

"అయితే నా ఏలు తప్పు సెప్పలేదా బాబూ?" అని అడిగింది.

"లేదమ్మా. పన్నెండూ చారల జెల్లలే. తప్పు రాసింది నేను," అన్నాను.

ఆమె తన కుడిచేయి చాపి చూసుకుంది. వేళ్ళ కొసలు తెల్లగా, బొబ్బలెక్కి ఆరిన తోలులా ఉన్నాయి. ఐసులో నానిన చేతులు అలాగే అవుతాయి. "ఇప్పుడు ముట్టుకున్నా నునుపేటో గరుకేటో తెల్దు," అంది. ఫిర్యాదుగా అనలేదు, ఉన్న సంగతి చెప్పింది. మళ్ళీ ఏదైనా పథకం వస్తే ఆమె సంఘాన్నే ముందు చేర్పించాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది.

వల మళ్ళీ చేతిలోకి తీసుకుని, "మీరు ఇప్పుడు సెప్పినారే, ఆ ముక్క కాగితం మీద రాసియ్యండి బాబూ. కాగితంతోనే గదా తీసేసినారు," అంది. ఆ పోయినామె ఇంటికి, మిగతా ఇద్దరికీ చూపించాలని అంది.

నా సంచిలో తెల్ల కాగితం ఉంది. ఫలానా సంఘం పంపిన నమూనాలోని పన్నెండు చేపలూ చారల జెల్లలేనని, అందులో కల్తీ లేదని, వాటి ముళ్ళు మర్యాద కోసమే విరిచారని, ఎర్రమ్మ గుర్తింపు సరైనదని, నా మొదటి రిపోర్టు తప్పని తెలుగులో రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూసింది. కింద నా సంతకం దగ్గర వేలు పెట్టింది.

"దీనికి సీలు లేదేటి బాబూ?" అంది.

సీలు ఆఫీసులో ఉంటుంది. దాన్ని మూసిన ఫైలు మీద వేయడానికి నాకు అధికారం లేదు. తప్పు రాసిన కాగితానికి సీలు ఉంది, నిజం రాసిన దానికి లేదు. లేదమ్మా అని మాత్రం చెప్పాను. ఆమె తల ఊపి, కాగితం మడిచి, ఇంట్లోకి తీసుకెళ్ళింది.

పదవీ విరమణ దాకా నేను ఇంకా చాలా గుర్తింపు రిపోర్టులు రాశాను. నమూనా నా చేత్తోనే తీశాను. మూడుసార్లు కుట్టించుకున్నాను. ఫారంలో గడి లేకపోయినా ప్రతిసారీ రెండు సంగతులు అదనంగా రాశాను: నమూనా ఎవరి చేతినుంచి ఏ స్థితిలో వచ్చింది, అందులో నాకు తెలియనిది ఏమిటి. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్ళకు నేను చెప్పగలిగింది కూడా అదే. చేపకు ముల్లు లేకపోతే ముల్లు లేదని రాయాలి. ఎందుకు లేదో చేప చెప్పదు, పట్టిక చెప్పదు. ఇచ్చిన మనిషిని అడగాలి. అడగడానికి తీరిక లేకపోతే తెలియదని రాసి సంతకం పెట్టాలి. ఆ శనివారం నేను అడగలేదు, తెలియదని రాయలేదు, సంతకం మాత్రం పెట్టాను.